ఫోటోగ్రఫీ పట్టభద్రుల తొలి ప్రదర్శన: ఎంపిక మొదలు మేకులు పీకేదాకా

చివరి సంవత్సరం ప్రాజెక్టును పరీక్షకుల ముందు పెట్టడం ఒక పని. అదే ప్రాజెక్టును ఊరి జనం ముందు పెట్టడం మరొక పని. వైవాలో మీరు పక్కనే నిలబడి ప్రతి చిత్రానికీ సంజాయిషీ చెప్పుకోగలుగుతారు, పరీక్షకులు కూడా మార్కులు వేయవలసిన బాధ్యత కొద్దీ ఓపికగా వింటారు. ప్రదర్శనశాలలోకి అడుగుపెట్టే మనిషికి ఆ బాధ్యత లేదు. ఎండలోంచి వచ్చి, చెమట తుడుచుకుని, మొదటి గోడ దగ్గర నాలుగు క్షణాలు ఆగి, అక్కడ తనను పట్టి నిలిపేది ఏదీ లేకపోతే తలుపు వైపు నడుస్తాడు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ బి.ఎఫ్.ఏ. పూర్తి చేస్తున్నవారికైనా, ఇతర కళాశాలల్లో డిప్లొమా ముగిస్తున్నవారికైనా ఉపయోగపడేలా ఈ మార్గదర్శిని రాస్తున్నాను. సౌలభ్యం కోసం ఒక ఊహా ఉదాహరణను వెంట తీసుకువెళ్తాను: ఒక విద్యార్థిని ఏడాది పాటు భూదాన్ పోచంపల్లికి వెళ్లివస్తూ ఇక్కత్ నేతగాళ్ల ఇళ్లలో తీసిన చిత్రాలు.

మొదటి మెట్టు: తేదీ, చోటు

ప్రదర్శనకు కనీసం మూడు నెలల ముందే చోటు ఖాయం కావాలి. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, రవీంద్రభారతి ప్రాంగణంలోని ఐ.సి.సి.ఆర్. ఆర్ట్ గ్యాలరీ, బంజారాహిల్స్‌లోని లామకాన్, విశాఖ బీచ్ రోడ్డులోని హవామహల్, విజయవాడలోని కల్చరల్ సెంటర్ వంటి చోట్లకు ముందుగా వెళ్లి చూసి, ఆ తరువాతే దరఖాస్తు పెట్టుకోవాలి. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ వంటి పెద్ద వేడుకలు జరిగే శీతకాలంలోనూ, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవమైన ఆగస్టు 19 చుట్టుపక్కలా మంచి గోడలు ఖాళీగా దొరకడం కష్టం. మన కళాశాలల్లో చదువు ముగిసేది ఎక్కువగా వేసవి చివర కాబట్టి జూన్ మీద కన్నేయడం సహజమే. అయితే తొలకరి తేమకు కాగితం అలలు తేలుతుందనీ, విశాఖలోనైతే సముద్రపు గాలి వల్ల ఈ బాధ ఇంకా ఎక్కువనీ గుర్తుంచుకుని, ప్రింట్లను చివరి వారం వరకు చదునుగా, సిలికా జెల్ పొట్లాలతో మూసి ఉంచాలి.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు చేతిలో టేపు, ఫోనులో కెమెరా ఉండాలి. ప్రతి గోడ పొడవూ ఎత్తూ కొలిచి కాగితం మీద గీసుకోవాలి. మేకు కొట్టనిస్తారా, లేక పైన కడ్డీ నుంచి తీగలు వేలాడదీయాలా అన్నది అడగాలి. స్విచ్‌బోర్డులు, ఏ.సి. యంత్రాలు, మంటలు ఆర్పే సిలిండర్లు గోడలో ఎంత మేర తినేస్తున్నాయో రాసుకోవాలి. సాయంత్రం ఆరు గంటలకు మరోసారి వెళ్లి చూస్తే మరీ మంచిది, ఎందుకంటే పగటి వెలుతురులో అందంగా కనిపించిన హాలు ట్యూబులైట్ల కింద ఆసుపత్రి వరండాలా మారిపోవచ్చు. అద్దె ఎంత అన్నదానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: పటాలు తగిలించుకోవడానికి ప్రారంభోత్సవానికి ముందు ఒక పూర్తి రోజు ఇస్తారా? ఇవ్వకపోతే ఆ రోజుకు కూడా అద్దె కట్టి తీసుకోండి. ఉదయం తాళం తీసి సాయంత్రం అతిథులను పిలిచిన ప్రదర్శనల్లో పటాలు వంకరగా వేలాడటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

ఖరీదైన హాలు దొరకలేదని ప్రదర్శన మానుకోనక్కరలేదు. గ్రంథాలయం వరండా, కళాశాల కారిడారు, పంచాయతీ అనుమతి ఉంటే ఊరి రచ్చబండ కూడా ప్రదర్శనశాలే. ఆరుబయట పెట్టదలిస్తే కాగితం పనికిరాదు. ఫ్లెక్సీ మీదో, సన్‌బోర్డు అనే ప్లాస్టిక్ పలక మీదో ముద్రించుకోవాలి. అక్కడ సూక్ష్మమైన నీడల పట్ల ఆశ వదులుకుని, దూరం నుంచి కూడా ఆకారం తెలిసే చిత్రాలనే ఎంచుకోవాలి.

రెండవ మెట్టు: ఎంపిక

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి ఫ్రేములూ మంచి దీపాలూ బలహీనమైన ఎంపికను కాపాడలేవు. మీ దగ్గర ఏడాది పని నుంచి ఆరువందల చిత్రాలు ఉన్నాయనుకుందాం. కంప్యూటరు తెర మీద వాటిలోంచి అరవై వరకు వడకట్టిన తరువాత తెరను మూసేసి, ఆ అరవైని మామూలు ల్యాబులో 4×6 అంగుళాల సైజులో ముద్రించుకుని, గది నేల మీద పరిచి, కనీసం వారం రోజులు అలాగే ఉంచాలి. తెర మీద చిత్రాలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి, కనుక ప్రతిదీ గొప్పగా అనిపిస్తుంది. నేల మీద అవి ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. అటూ ఇటూ నడుస్తున్నప్పుడు కన్ను దేని మీద ఆగుతోందో, దేనిని దాటిపోతోందో మీకే తెలిసివస్తుంది.

పోచంపల్లి విద్యార్థిని నేల మీద పరిచిన అరవైలో మగ్గం ముందు కూర్చున్న మనిషి చిత్రాలే పదిహేను ఉంటాయి. కిటికీ వెలుగు, వంగిన వీపు, నూలు పోగులు: అన్నీ అందమైనవే, అన్నీ ఒకే మాట చెప్పేవే. వాటిలో ఒక్కటి మిగలాలి. ఆసు పోస్తున్న (నూలును మేకుల చుట్టూ తిప్పుతున్న) చెయ్యి, చిటికి కట్టిన (రంగు అంటకుండా అక్కడక్కడా బిగించి కట్టిన) నూలు, రంగు బాన దగ్గర నేల మీద ఇంకిన మరకలు, పూర్తయిన చీరను మడతపెడుతున్న కోడలు, మగ్గం గుంట పక్కనే హోంవర్కు చేసుకుంటున్న పిల్లవాడు, ఇవన్నీ వేర్వేరు మాటలు. రెండు చిత్రాలు ఒకే మాట చెబుతున్నప్పుడు ఏది బాగుందని కాక, ఏది తీసేస్తే వరుసలో గండి పడుతుందని అడగండి. గండి పడకపోతే అది వెళ్లిపోవలసిందే, ఆ రోజు ఎంత వానలో తడిసి తీసినా సరే. చిత్రం తీయడానికి పడ్డ కష్టం చూసేవారికి కనిపించదు. ఎంపికలో విద్యార్థులు చేసే పొరపాట్లలో సగానికి పైగా ఈ కష్టం మీద మమకారంతోనే జరుగుతాయి.

చివరికి ఒక్కొక్కరికి ఎనిమిది నుంచి పన్నెండు చిత్రాలు మిగిలితే చాలు. ఆ దశలో బయటి కన్ను ఒకటి అవసరమవుతుంది. ఇంట్లోవారు మెచ్చుకుంటారు, సహవిద్యార్థులు మొహమాటపడతారు, మార్గదర్శకులు ప్రాజెక్టును ఏడాదిగా చూస్తున్నారు కనుక లేనిది కూడా అందులో చూస్తారు. పత్రికలో ఫోటోలు ఎంపిక చేసే వ్యక్తినో, చిత్రకారుడినో, ఫోటోగ్రఫీతో సంబంధం లేకపోయినా శ్రద్ధగా చూసే ఉపాధ్యాయినినో పిలిచి, మీరు ఒక్క మాటా మాట్లాడకుండా వారి చేతికి ప్రింట్లు ఇచ్చి, ఏమి అర్థమైందో చెప్పమనండి. వారు చెప్పినదానికీ మీరు అనుకున్నదానికీ మధ్య దూరం ఎంతో అంత పని ఇంకా మిగిలి ఉన్నట్టు.

పదిహేనుమంది బ్యాచ్ కలిసి ప్రదర్శన పెడుతున్నప్పుడు గోడల పంపకం దగ్గర స్నేహాలు చెడతాయి. చిత్రాల సంఖ్య సమానంగా ఇవ్వడం న్యాయంలా కనిపిస్తుంది గానీ అది అందరికీ నష్టం. ఒకరి పని నాలుగు పెద్ద చిత్రాలను కోరుతుంది, మరొకరి పని ఇరవై చిన్నవాటిని కోరుతుంది. గోడను అడుగుల్లో సమానంగా పంచి, ఆ అడుగుల్లో ఎవరు ఎన్ని పెట్టుకుంటారో వారికే వదిలేయడం మేలు. వరుసను రోల్ నంబర్ల ప్రకారం నిర్ణయించవద్దు. బ్యాచ్ బయటి వ్యక్తి ఒకరిని క్యూరేటర్‌గా, అంటే ప్రదర్శనను కూర్చే మనిషిగా ఒప్పించి, ఏ పని పక్కన ఏ పని నిలవాలో వారికి అప్పగించి, ఆ నిర్ణయాన్ని ప్రశ్నించబోమని అందరూ ముందే ఒప్పుకోవాలి.

మూడవ మెట్టు: అనుమతులు

చిత్రంలో గుర్తుపట్టగలిగేలా ఉన్న ప్రతి మనిషికీ, వీలైనంతవరకు, ఈ చిత్రం బహిరంగంగా ప్రదర్శించబడుతుందని చెప్పి, తెలుగులో రాసిన చిన్న పత్రం మీద సంతకం తీసుకోవాలి. ఫోటో తీయనిచ్చారంటే గోడకెక్కించనిచ్చారని అర్థం కాదు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సంతకం ఉండాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బాలల గుర్తింపును, చట్టంతో ఘర్షణ పడిన బాలల గుర్తింపును బయటపెట్టడం నేరం కాబట్టి, బాలల సంరక్షణ కేంద్రాల్లో తీసిన ముఖాలు గోడ మీదికి రాకూడదు. ఈ జాగ్రత్త మన నగరానికి కొత్తదేమీ కాదు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక మహిళకు అప్పగించాడు. కెమెరా ముందుకు వచ్చేవారి షరతులను గౌరవించడం ఈ వృత్తిలో అప్పటినుంచీ ఉన్నదే.

కాపీరైటు సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం మామూలుగా ఛాయాచిత్రానికి తొలి హక్కుదారు దానిని తీసినవారే. అయితే ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు అవుతారు. పెళ్లి ఆర్డరులో తీసిన చిత్రం ఎంత అద్భుతంగా కుదిరినా, ఆ కుటుంబం లిఖితపూర్వకంగా ఒప్పుకుంటేనే ప్రదర్శనలో పెట్టాలి.

నాలుగవ మెట్టు: ముద్రణ, పటం కట్టించడం

సైజును కెమెరా పిక్సెళ్ల లెక్కతో మొదలుపెట్టి, గోడ లెక్కతో ముగించాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే చిత్రం సుమారు 6000×4000 పిక్సెళ్లు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అది 20×13 అంగుళాలకు సరిపోతుంది. 200 చొప్పున 30×20 అంగుళాల దాకా వెళ్లవచ్చు. పెద్ద చిత్రాన్ని జనం దూరం నుంచి చూస్తారు కనుక ఆ తగ్గింపు కంటికి తెలియదు. కత్తిరించిన చిత్రాలకు మాత్రం ఈ లెక్కను మళ్లీ వేయాలి. అన్నిటినీ పెద్దవిగా చేయాలన్న ఉబలాటం మంచిది కాదు. దగ్గరికి వచ్చి చూడవలసిన చిత్రాన్ని 12×18లో ఉంచితే ప్రేక్షకుడు తనంత తానే దగ్గరికి వస్తాడు.

తెర మీద వెలిగిన చిత్రం కాగితం మీద ముదురుగా రావడం తొలి ప్రదర్శన పెట్టే ప్రతివారికీ ఎదురయ్యే దెబ్బ. తెర వెలుతురును బాగా తగ్గించి, ల్యాబు నుంచి వారి ప్రింటరుకూ కాగితానికీ సంబంధించిన ఐ.సి.సి. ప్రొఫైల్ (అక్కడ రంగులు ఎలా వస్తాయో కంప్యూటరుకు చెప్పే ఫైలు) తెచ్చుకుని, సాఫ్ట్ ప్రూఫింగ్ చేసుకోవాలి, అంటే ప్రింటు ఎలా వస్తుందో ముందే తెర మీద చూసుకోవాలి. ఆ తరువాత కూడా మూడు చిత్రాలను, అంటే అన్నిటికంటే చీకటిదాన్ని, అన్నిటికంటే వెలుతురుగా ఉన్నదాన్ని, చర్మపు రంగు ముఖ్యమైనదాన్ని, చిన్న పట్టీలుగా ముద్రించి చూసుకోవాలి. పోచంపల్లి చిత్రాల్లో మగ్గం గుంట చీకటి ఉంటుంది. ఆ చీకటిలో కాళ్లు కనిపించాలా, మునిగిపోవాలా అన్నది ఈ పట్టీ దగ్గరే తేలాలి. మెరుపు లేని మ్యాట్ కాగితం అద్దం లేకుండా కూడా నిలుస్తుంది, దీపాల ప్రతిబింబం పడదు, కానీ నలుపు కాస్త బూడిదరంగులోకి వెళ్తుంది. బేరియం సల్ఫేటు పూత ఉన్న బరైటా కాగితం మీద నలుపు లోతుగా వస్తుంది, ధరా అంతే లోతుగా ఉంటుంది. డబ్బు తక్కువైతే చిత్రాల సంఖ్య తగ్గించండి గానీ కాగితం నాణ్యత తగ్గించకండి.

పటాలు కట్టే దుకాణానికి దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు అలవాటు. మీకు కావలసింది సన్నని నలుపు లేదా చెక్క రంగు చట్రమనీ, బంగారు అంచులు వద్దనీ, చిత్రం చుట్టూ మూడు అంగుళాల తెల్లని మౌంటు (అట్ట అంచు) కావాలనీ నమూనా ఒకటి చేయించుకుని చూసిన తరువాతే మొత్తం ఆర్డరు ఇవ్వాలి. 12×18 చిత్రానికి ఆ మౌంటుతో కలిపి 18×24 పటం అవుతుంది. బ్యాచ్ అంతా ఒకే కొలతకు కట్టించుకుంటే ధర తగ్గుతుంది, వచ్చే ఏడాది జూనియర్లు అవే చట్రాలను మళ్లీ వాడుకోగలుగుతారు. అద్దమూ లేదు, చట్రమూ లేదు అనుకున్నా సిగ్గుపడనక్కరలేదు. ఫోమ్‌బోర్డుకు శుభ్రంగా అతికించిన ప్రింటు, చౌక చట్రంలో వంకరగా కూర్చున్న ప్రింటు కంటే గౌరవంగా ఉంటుంది.

ఐదవ మెట్టు: రాతలు

ప్రతి వరుసకూ గోడ మీద పరిచయం ఒకటి ఉండాలి, అది నూట ఇరవై పదాలు దాటకూడదు, తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు దాని పక్కన ఉండవచ్చు, దాని స్థానంలో ఉండకూడదు. మీరు ఎక్కడికి వెళ్లారు, ఎంతకాలం వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్నది చెప్పి ఆపేయండి. "మానవ అస్తిత్వపు అన్వేషణ" వంటి మాటలు ఎవరి గోడ మీదైనా అతుకుతాయి, కనుక ఎవరి గురించీ ఏమీ చెప్పవు.

క్యాప్షన్‌లో చిత్రం పేరు, ఊరు, సంవత్సరం, ముద్రణ విధానం ఉంటే సరిపోతుంది. మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు తప్పక ఉండాలి. "ముసలి నేతగత్తె" అని రాయడానికీ, పేరు రాసి "ఆసు పోస్తున్నప్పుడు" అని రాయడానికీ మధ్య తేడాను ఆ ఇంటివారు ప్రదర్శనకు వచ్చిన రోజున మీరే చూస్తారు. అక్షరాలు కనీసం 16 పాయింట్లలో ఉండాలి. మన ఒత్తులూ గుణింతాలూ చిన్న అక్షరాల్లో కలిసిపోతాయి. ఇంకొక చిన్న విషయం చాలామందిని ముంచుతుంది. మీరు యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగును డి.టి.పి. సెంటరులో పాత పేజ్‌మేకర్‌లోకో అనూ ఫాంట్లలోకో మార్చినప్పుడు ఒత్తులు విడిపోయి, "ప్రదర్శన" కాస్తా గుర్తుపట్టలేని అక్షరాల గుట్ట అవుతుంది. అందువల్ల ఫాంటు పొందుపరిచిన పి.డి.ఎఫ్. మాత్రమే ఇచ్చి, ప్రూఫు కాగితం మీద చదివి, సంతకం పెట్టిన తరువాతే ముద్రణకు వదలాలి.

ఆరవ మెట్టు: గోడకు తగిలించడం

పటం మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉంటే సగటు ఎత్తున్న మనిషి కంటికి హాయిగా ఉంటుంది. పిల్లలూ చక్రాల కుర్చీలో వచ్చేవారూ ఎక్కువగా ఉంటారనుకుంటే మూడు, నాలుగు అంగుళాలు దించండి. మేకు ఎత్తు తేల్చే లెక్క ఇది: మధ్యభాగపు ఎత్తుకు పటం ఎత్తులో సగం కలిపి, వెనుక తీగను వేలితో పైకి లాగి బిగించినప్పుడు పటం పై అంచుకూ తీగకూ మధ్య మిగిలిన దూరాన్ని తీసేయాలి. అడ్డంగా ఉన్న 18 అంగుళాల ఎత్తు పటానికి, తీగ దూరం 3 అంగుళాలైతే, 58కి 9 కలిపి 3 తీసేస్తే మేకు 64 అంగుళాల దగ్గర పడుతుంది. తీగ దూరం ప్రతి పటానికీ కాస్త మారుతుంది కాబట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా కొలవాలి. పటాలు కట్టిన అబ్బాయి అన్నీ ఒకటేనన్నాడని నమ్మితే వరుస ఎగుడుదిగుడుగా వస్తుంది.

అడ్డం లెక్క కూడా కాగితం మీదే తేలాలి. గోడ 24 అడుగులు, అంటే 288 అంగుళాలు. 24 అంగుళాల వెడల్పున్న పటాలు ఎనిమిది పెడితే 192 అంగుళాలు పోతాయి. వాటి మధ్య ఏడు ఖాళీలను 8 అంగుళాల చొప్పున వదిలితే 56. మిగిలిన 40ని రెండు చివరలకూ 20 చొప్పున పంచాలి. పటాలను ముందు గోడ కింద నేల మీద ఆనించి వరుస చూసుకుని, మార్పులన్నీ అక్కడే చేసి, ఆ తరువాత సుత్తి పట్టుకోవాలి. ఈ చివరి చూపులో ఒక పటం ఎక్కువైందనిపిస్తే తీసేయడానికి వెనుకాడవద్దు. మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి అరువు తెచ్చుకుంటే కళ్లను నమ్ముకోనక్కరలేదు. హాలు నేల, పైకప్పు రెండూ వాలుగా ఉన్న పాత భవనాల్లో మాత్రం రసమట్టం నిజం చెప్పినా కన్ను ఒప్పుకోదు, అక్కడ కన్ను మాటే వినాలి.

దీపాలను పటానికి ఎదురుగా కాకుండా పైనుంచి, నిలువు గీతకు ముప్పై డిగ్రీల కోణంలో పడేలా తిప్పితే అద్దంలో ప్రతిబింబం తగ్గుతుంది. బల్బులన్నీ ఒకే రంగువి కావాలి. సగం పసుపు, సగం తెలుపు అయితే ల్యాబులో మీరు పడ్డ శ్రమంతా వృథా.

ఏడవ మెట్టు: జనం

పత్రికల జిల్లా ఎడిషన్లకు వారం ముందు ఒక పేజీ తెలుగు నోటు, క్యాప్షన్లతో మూడు చిత్రాలు పంపండి. తేదీ, వారం, వేళలు, దగ్గరలోని గుర్తు (ఏ మెట్రో స్టేషను, ఏ బస్టాపు) స్పష్టంగా ఉండాలి. అందరికంటే ముందు పిలవవలసినవారు చిత్రాల్లో ఉన్నవారు. పోచంపల్లి నుంచి హైదరాబాదుకు వాహనం ఏర్పాటు చేసే ఖర్చును బడ్జెట్‌లో హాలు అద్దె పక్కనే రాసుకోండి, మిగిలితే చూద్దామనే జాబితాలో కాదు.

ప్రారంభోత్సవంలో జ్యోతి ప్రజ్వలన ఉంటే దీపస్తంభాన్ని ప్రింట్లకు దూరంగా, ఫ్యాను గాలి తగలని చోట పెట్టాలి. ఉపన్యాసాల వేదికను హాలు బయటో వరండాలోనో ఉంచి, మొత్తం అరగంటకు పరిమితం చేయాలి. శాలువాలూ జ్ఞాపికలూ ముగిసేసరికి చూడటానికి వచ్చినవారు ఇంటిదారి పట్టిన సందర్భాలు మనకు కొత్త కావు. మిగిలిన రోజుల్లో ప్రతి పూటా కనీసం ఇద్దరు విద్యార్థులు హాలులో ఉండాలి. వచ్చినవారి వెంట పడకుండా, వారు అడిగినప్పుడే మాట్లాడాలి. అభిప్రాయాల పుస్తకం పక్కన రాసే కలం పనిచేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి.

ప్రింటు కొంటామని ఎవరైనా అడిగితే తడబడకుండా ధరల పట్టిక ముందే సిద్ధం చేసుకోండి. ముద్రణ, పటం ఖర్చుకు రెట్టింపు నుంచి మొదలుపెట్టడం తొలి ప్రదర్శనకు సమంజసమని నా అభిప్రాయం. ఆ చిత్రాన్ని మొత్తం ఎన్ని ప్రతులు వేస్తారో ప్రకటించి, ప్రింటు మీద పెన్సిలుతో 1/10 (పదింటిలో మొదటిది) వంటి సంఖ్య వేసి, ఆ మాటకు కట్టుబడాలి. కొన్నవారికి దక్కేది ప్రింటు మాత్రమేననీ, కాపీరైటు మీ దగ్గరే ఉంటుందనీ రసీదులో రాయాలి. అమ్ముడైన పటాన్ని వెంటనే తీసివ్వకుండా, ఎర్ర చుక్క అతికించి, ప్రదర్శన ముగిసిన తరువాత అందజేయాలి.

ఎనిమిదవ మెట్టు: దింపడం

చివరి రోజు పటాలు దించేముందు ప్రతి గోడనూ, హాలు మొత్తాన్నీ, జనం ఉన్నప్పుడూ లేనప్పుడూ ఫోటోలు తీసి పెట్టుకోండి. తరువాత ఏ గ్యాలరీకి దరఖాస్తు చేసినా ముందుగా అడిగేవి ఇవే. పటాలను జతలుగా, అద్దం వైపు అద్దం వచ్చేలా, మధ్యలో అట్ట పెట్టి, బబుల్ ర్యాప్‌లో చుట్టి, నిలువుగా నిలబెట్టి తరలించాలి. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చితే దారిలో మొదటి స్పీడ్‌బ్రేకరు దగ్గరే అద్దం పగులుతుంది. మేకులు పీకి, రంధ్రాలను వాల్ పుట్టీతో పూడ్చి, ఆరిన తరువాత గీకి, గోడ రంగు డబ్బా గ్యాలరీ వారినే అడిగి తీసుకుని ఒక చెయ్యి వేసి, తాళాలు అప్పగించి, డిపాజిట్టు వెనక్కు తీసుకోండి. ఆ వారంలోనే పోచంపల్లికి బస్సెక్కి, ఎవరి చిత్రం వారికి, సంచిలో పట్టే సైజు ప్రింటు ఒక్కొక్కటి, ఇంటింటికీ ఇచ్చి రండి.